సున్నంలో పూలు పూయించిన చేతులు

మదురై వెళ్లిన మనవాళ్లు మీనాక్షమ్మ దర్శనం చేసుకుని బస్సెక్కేస్తారు. నడిచి వెళ్లే దూరంలోనే తెలుగు నాయకరాజు తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలు ఉంది. అందులో చూడాల్సింది గచ్చుపని. ఇటుక కట్టడం మీద సున్నంతో తీగలు, పూలు తీర్చారు. కోడిగుడ్డు తెల్లసొన కలిపిన సున్నంతో నున్నగా మెరుగు పెట్టారు. రాజు పేరు అందరూ చెబుతారు, తాపీ పట్టిన మేస్త్రి పేరు చెప్పేవారేరీ!

ఆ విద్యకు ఇప్పుడు గుడి గోపురాలే దిక్కు. 12 ఏళ్లకోసారి కుంభాభిషేకం వస్తే బొమ్మలు బాగుచేసే పని దొరుకుతుంది. సున్నం నానబెట్టి, డంగు నూరి, బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపే ఓపిక ఎవరికుంది? సిమెంటు చాలంటున్నారు. పాత సున్నపు గోడకు సిమెంటు పూస్తే తేమ లోపలే ఆగి పెచ్చులూడుతుంది. అప్పుడు మళ్లీ సున్నం తెలిసిన ముసలి మేస్త్రినే వెతుక్కోవాలి.