ఉక్కునకు కావలసిన బొగ్గు: రాకీ కొండపాదములలో అన్వేషణ

బొగ్గులన్నియు నల్లనివే, కాని అన్నియు ఉక్కు పరిశ్రమకు పనికిరావు. గోదావరి లోయలోని సింగరేణి బొగ్గు బాయిలర్లలో మండి విద్యుచ్ఛక్తి నిచ్చుచున్నది. విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమునకు కావలసిన కోకింగు బొగ్గులో అధికభాగము మాత్రము విదేశములనుండి ఓడలలో వచ్చుచున్నది. ఈ భేదమునకు కారణమేమి?

బ్లాస్టు కొలిమిలో కోకు మూడు పనులు చేయును. మండి వేడి నిచ్చును. ఇనుప ఖనిజములోని ప్రాణవాయువును తొలగించు వాయువును పుట్టించును. పైనున్న ఖనిజపు బరువును మోయుచు, వాయువులు పైకి పోవుటకు సందులు కల్పించును. సామాన్యపు బొగ్గు ఆ బరువునకు నలిగిపోవును. అందుచే కోకింగు బొగ్గును గాలి తగులకుండ బట్టీలలో సుమారు 1000 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాచి కోకుగా మార్చెదరు. 350–500 డిగ్రీల నడుమ అది మెత్తబడి, ఉబ్బి, మరల గట్టిపడి, రంధ్రములుగల గట్టి ముద్ద యగును. ఈ గుణము లేని బొగ్గు పొడిగనే మిగులును.

ఈ గుణము వయస్సును బట్టి రాదు. సింగరేణి బొగ్గు 25 కోట్ల ఏండ్లకు పైబడినది. కెనడాలోని రాకీ పర్వతముల తూర్పు పాదములందలి బొగ్గు సుమారు 11 కోట్ల ఏండ్లది మాత్రమే. అయినను అది మేలైన కోకు నిచ్చును.

క్రెటేషియస్ యుగములో ఉత్తర అమెరికా నడుమ ఒక సముద్రము వ్యాపించి యుండెను. పడమటి మిట్టలనుండి నదులు తెచ్చిన ఇసుక, ఒండ్రు తీరమున డెల్టాలుగా పరచుకొనెను. అచటి చిత్తడి నేలలలో మొక్కలు, మ్రాకులు కూలి పేరుకొనెను. వానిపై వేల మీటర్ల మందమున పొరలు చేరగా, లోతున గల వేడిమి వానిని తగిన పాకమునకు తెచ్చెను. తరువాత పడమటినుండి కలిగిన ఒత్తిడిచే ఈ పొరలు ముడుతలు పడి, విరిగి, ఒకదానిపై నొకటి ఎక్కి, పైకి లేచినవి.

అన్వేషకునకు చిక్కు ఇచటనే యున్నది. ముడుత మలుపువద్ద బొగ్గు పొర ఉబ్బును, ప్రక్కల పలుచనగును. విరిగి పైకెక్కిన పొర ఒకే బోరులో రెండుమార్లు తగులవచ్చును. దానిని రెండు పొరలుగా లెక్కించినచో నిల్వల అంచనా తప్పును. కనుక శిలల వాలును, దిశను కొలిచి పటము గీసి, ఆ పిమ్మటనే బోరులు వేయుదురు. బోరులోనికి దింపిన పరికరము శిలల సాంద్రతను తెలుపును. ఇసుకరాతి సాంద్రత 2.6కు సమీపముగా నుండగా, బొగ్గుది 1.4 ప్రాంతమున నుండుటచే పొర స్పష్టముగా కనబడును.

నేలపై బయటపడిన బొగ్గును నమ్మరాదు. గాలి, నీరు సోకినచో దాని ఉబ్బు గుణము నశించును. అందుచే కొండలోనికి సొరంగము త్రవ్వి తాజా బొగ్గును తెచ్చెదరు. ఒక గ్రాము పొడిని మూసలో 820 డిగ్రీలకు వేడిచేయగా ఏర్పడు బిళ్ళను ప్రమాణపు ఆకారములతో పోల్చి, 9 వరకు అంకె వేయుదురు. బూడిద, గంధకము, భాస్వరము ఎంత యున్నదియు కొలిచెదరు.

పీస్ నది గండిలో బొగ్గు పొరలను అలెగ్జాండరు మెకెంజీ 1793లోనే చూచెను. కాని జపాను ఉక్కు కంపెనీలతో 1981లో ఒప్పందము కుదిరిన పిమ్మటనే అచటి బ్రిటిష్ కొలంబియా కొండలలో క్వింటెట్, బుల్‌మూస్ అను పెద్ద గనులు వెలసెను. వానికై రైలు మార్గమును, టంబ్లర్ రిడ్జ్ అను క్రొత్త పట్టణమును నిర్మించిరి. ధరలు పడిపోగా 2000లో క్వింటెట్, 2003లో బుల్‌మూస్ మూతపడెను. జనులు పలువురు ఊరు విడిచిరి. ధర పెరిగినపుడు క్రొత్త గనులు తెరచిరి. 2014 నాటికి అవియు నిలిచిపోయెను; 2016లో త్రవ్వకము మరల ఆరంభమయ్యెను.

కొండలో బొగ్గు ఎంత యున్నదో బోరు చెప్పును. అది ఎట్టి కోకు నిచ్చునో మూస చెప్పును. కాని ఆ ఊరి బ్రదుకు మాత్రము దూరదేశములలోని ఉక్కు కొలుములపై ఆధారపడి యున్నది.