డబ్బా వెనక చిన్న అక్షరాలు

ముఖానికి రాసుకునే క్రీము ఏదైనా తీసుకుని డబ్బా వెనక్కి తిప్పి చూడండి. పదార్థాల పట్టికలో చాలావాటికి మొదటి పేరు 'ఆక్వా'. అంటే నీళ్లు. మూడొందల రూపాయల క్రీములోనూ అదే, మూడు వేల రూపాయల క్రీములోనూ అదే. బరువులో ఎక్కువున్న పదార్థాన్ని ముందు, తక్కువున్నదాన్ని తర్వాత రాయాలన్నది నియమం. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ చెప్పేదీ ఇదే. కాకపోతే అందులో ఒక వెసులుబాటు ఉంది. ఒక శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని చివర్లో ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు.

ఆ ఒక శాతం ఎక్కడ మొదలవుతుందో పట్టికలో రాసి ఉండదు. కనిపెట్టడానికి ఉపాయం మాత్రం ఉంది. క్రీము పాడవకుండా ఉండేందుకు చాలామంది తయారీదారులు ఫినాక్సీఇథనాల్ కలుపుతారు. ఐరోపా నిబంధనల ప్రకారం అది 1 శాతం దాటకూడదు. కాబట్టి దాని వెనక వరుసలో ఉన్నవన్నీ మామూలుగా ఒక శాతం లోపువే అనుకోవచ్చు. డబ్బా ముందు కుంకుమపువ్వు బొమ్మ నిండుగా ఉండి, వెనక దాని శాస్త్రీయ నామం 'క్రోకస్ సటైవస్' ఫినాక్సీఇథనాల్ తర్వాతెక్కడో కనిపించిందంటే, మీరు డబ్బు పెడుతున్నది నీళ్లు, గ్లిజరిన్, మైనం లాంటి పదార్థాల మీద. గ్లిజరిన్ చర్మానికి మంచిదే, అందులో లోటేమీ లేదు. కుంకుమపువ్వు ధర ఇవ్వాల్సిన పని మాత్రం లేదు.

అలాగని వరుసలో వెనక ఉన్నవన్నీ దండగ కాదు. విటమిన్-ఎ కుటుంబానికి చెందిన రెటినాల్ కొద్ది మోతాదులోనే గట్టిగా పనిచేస్తుంది. ముఖానికి వాడే క్రీముల్లో అది 0.3 శాతం మించకూడదని ఐరోపా సమాఖ్య 2024లో నిబంధన తెచ్చింది. గర్భిణులు రెటినాల్ జోలికి పోవద్దని డాక్టర్లు చెబుతారు.

ఆ రెటినాల్‌కు బదులుగా ఈమధ్య బాగా అమ్ముడవుతున్న సీరమ్‌లలో 'బకుచియాల్' అన్న పేరు కనబడుతుంది. ఎక్కడిదో విదేశీ సరుకు అనుకుంటారు చాలామంది. అది బావంచాల గింజల్లోది. పచారీ కొట్లో పసుపు కొమ్ములు, కచ్చూరాలు, వట్టివేళ్లతో పాటు పొట్లం కట్టించుకుని, పెసలు కలిపి మర పట్టించి, పండగ రోజు పిల్లలకు నలుగు పెట్టే సున్నిపిండిలో పడే ఆ నల్లటి చిన్న గింజలే. బకుచియాల్‌ను 1966లో వేరుచేసి వివరించింది మన దేశపు రసాయన శాస్త్రవేత్తలు మెహతా, నాయక్, సుఖ్‌దేవ్. ఆ తర్వాత చాలా ఏళ్లకు 44 మంది మీద 12 వారాల పాటు రెటినాల్‌తో పోల్చి చూశారు. ముడతలు, మచ్చలు తగ్గించడంలో రెండూ ఇంచుమించు సమానంగా నిలిచాయి. పొట్టు రేగడం, మంట పుట్టడం మాత్రం రెటినాల్ వాడినవారిలో ఎక్కువ. ఈ మాట విని బావంచాలు నూరి ముఖానికి పట్టించకండి. ఆ గింజల్లో సొరాలెన్ అనే పదార్థం కూడా ఉంది. అది పడిన చర్మం ఎండను తట్టుకోలేదు, కాలినట్టు నల్లబడుతుంది. బొల్లి మచ్చల వైద్యంలో ఆ గింజలను వాడేది ఆ గుణం కోసమే. సీరమ్‌లో ఉండేది శుద్ధి చేసి తీసిన బకుచియాల్. గింజ వేరు, గింజలోంచి తీసిన పదార్థం వేరు. మూలికల పేర్లున్న ఏ పట్టిక చదువుతున్నా ఈ తేడా మనసులో ఉంచుకోవాలి.

పసుపు సంగతి అందరికీ తెలిసిందే అనుకుంటాం. పట్టికలో అది 'కర్క్యుమా లోంగా'గా ఉంటుంది. గాయాలు మాన్పడానికి పసుపు వాడటం మీద 1995లో అమెరికాలో ఏకంగా పేటెంటే ఇచ్చేశారు. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలను సాక్ష్యంగా పెట్టి పోరాడితే 1997లో అది రద్దయింది.

సబ్బుల దగ్గరికి వద్దాం. కవరు మీద ధర, బరువు అచ్చేసిన చోటే 'టాయిలెట్ సోప్' అనో 'బాతింగ్ బార్' అనో రాసి ఉంటుంది. పక్కనే టీఎఫ్ఎం అని ఒక అంకె. సబ్బులో ఉన్న మొత్తం కొవ్వు పదార్థం ఎంతో చెప్పే అంకె అది. భారత ప్రమాణాల సంస్థ లెక్కలో గ్రేడ్-1 టాయిలెట్ సోప్‌కు కనీసం 76 శాతం, గ్రేడ్-2కు 70, గ్రేడ్-3కు 60 ఉండాలి. బాతింగ్ బార్‌కు 40 ఉంటే చాలు. కిరాణా కొట్లో నిలబడి రెండు సబ్బులు పోల్చుకోవడానికి నాకు తెలిసి ఇంతకంటే సులువైన కొలత లేదు. సోడియం పామేట్ అంటే పామాయిల్‌తో చేసిన సబ్బు, సోడియం టాలోవేట్ అంటే పశువుల కొవ్వుతో చేసింది. పొడి చర్మానికి డాక్టర్లు రాసే సిండెట్ బార్లకు మాత్రం ఈ లెక్క వర్తించదు, ఎందుకంటే అవి అసలు సబ్బులే కావు. సబ్బుది క్షార గుణం, పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. చర్మం పైపొరది ఆమ్ల గుణం, పీహెచ్ 5 దరిదాపుల్లో ఉంటుంది. ఈ ఆమ్లపు పొర గురించి జర్మన్ శాస్త్రవేత్తలు షాడె, మార్కియోనిని 1928లోనే రాశారు.

'ఆల్కహాల్' అన్న మాట కనబడగానే క్రీము పక్కన పెట్టేసేవారున్నారు. సెటైల్ ఆల్కహాల్, సెటియరైల్ ఆల్కహాల్ తెల్లగా మైనంలా ఉండే కొవ్వు పదార్థాలు. చర్మాన్ని మెత్తబరుస్తాయే గానీ ఎండబెట్టవు. పొడి చర్మం ఉన్నవారు గమనించుకోవాల్సింది 'ఆల్కహాల్ డినాట్' అన్న పేరును, అదీ పట్టికలో ముందు వరుసల్లో ఉంటే.

ఇప్పుడు ఏ మందుల షాపులో చూసినా నియాసినమైడ్ సీరమ్‌లే. విటమిన్-బి3 రూపం అది. దాని వెనక ఆకలి కథ ఉంది. 1735లో స్పెయిన్‌లోని ఆస్టూరియస్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు మొక్కజొన్న తప్ప వేరే తిండికి నోచుకోని పేద రైతుల్లో ఒక జబ్బును గుర్తించాడు. ఎండ తగిలే చోటల్లా చర్మం ఎర్రబడి, నల్లబడి, పొట్టు లేస్తుంది. మెడ చుట్టూ పడే మచ్చలకు 'కసాల్ హారం' అనే పేరు ఇప్పటికీ వైద్య పుస్తకాల్లో ఉంది. జబ్బు పేరు పెల్లాగ్రా. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో వేలమందిని బలి తీసుకుంది. అది అంటువ్యాధి కాదని, తిండి లోపమని జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ నిరూపించాడు. 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ కుక్కల్లో వచ్చే ఇలాంటి జబ్బును నికోటినిక్ ఆమ్లంతో, అంటే విటమిన్-బి3 మరో రూపంతో, నయం చేసి, లోపించింది ఏమిటో తేల్చాడు.

ఈ కథలో హైదరాబాద్‌కూ చోటుంది. దక్కన్‌లో మొక్కజొన్న కాదు, జొన్న ప్రధాన ఆహారం. పూట పూటకూ జొన్న గట్కా, జొన్న రొట్టె తప్ప పప్పు, పాలు ఎరగని కూలీల్లో పెల్లాగ్రా కనబడేది. హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధనశాలలో, అంటే నేటి జాతీయ పోషకాహార సంస్థలో, సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య దీన్ని పరిశోధించారు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం దీనికి కారణం కావచ్చని 1960లో ప్రతిపాదించారు. కూలీల మెడ మీద మచ్చలు వేసిన ఆ లోటును తీర్చే విటమిన్నే ఇవాళ మచ్చలు పోవడానికి చుక్కలు చుక్కలుగా రాసుకుంటున్నాం. పరిశోధనల్లో అది చర్మానికి మేలు చేసినట్టు కనబడింది ఎక్కువగా 2 నుంచి 5 శాతం మోతాదులో. 10 శాతం అని పెద్దక్షరాలతో రాసినంత మాత్రాన రెట్టింపు ఫలితం వస్తుందనుకోవద్దు. కొందరికి మంట కూడా పుడుతుంది.

క్రీముల్లో కనిపించే పాంథెనాల్ విటమిన్-బి5కు సంబంధించినది. ఆ విటమిన్ మీద తొలినాళ్లలో పనిచేసినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారూ ఉన్నారు.

స్క్వాలేన్ ఒకప్పుడు సొరచేప కాలేయపు నూనె నుంచి వచ్చేది. ఇప్పుడు ఆలివ్ నుంచి, చెరకు నుంచి కూడా తీస్తున్నారు. లిప్‌స్టిక్ మీద 'సీఐ 75470' అని ఉంటే ఆ ఎరుపు కోకినీల్ అనే పురుగుల నుంచి వచ్చింది. శాకాహారులు ఈ అంకె గుర్తుంచుకుంటే మంచిది.

'పారాబెన్ లేనిది' అన్న ముద్ర వెనక జరిగింది చాలామందికి తెలియదు. క్రీము పాడవకుండా కలిపే పారాబెన్‌ల మీద భయం పెరిగాక చాలా కంపెనీలు వాటిని మానేసి మిథైల్ఐసోథియాజోలినోన్ వైపు మళ్లాయి. దాంతో ఐరోపాలో చర్మ అలర్జీలు విపరీతంగా పెరిగాయి. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013లో ఆ కొత్త పదార్థాన్ని 'ఈ ఏటి అలర్జీ కారకం'గా ప్రకటించింది. కడిగేయకుండా చర్మం మీదే ఉంచుకునే క్రీముల్లో ఐరోపా దాన్ని నిషేధించింది. అదే సొసైటీ 2019లో పారాబెన్‌లను అలర్జీ కలిగించని పదార్థంగా ప్రత్యేకంగా పేర్కొంది. ఐరోపా కొన్ని రకాల పారాబెన్‌లను నిషేధించిన మాట నిజమే. మిగిలినవాటికి మోతాదు పరిమితి ఉంది.

'పర్ఫ్యూమ్' అన్న ఒక్క మాట కింద పదుల కొద్దీ రసాయనాలు ఉండవచ్చు. 'అన్‌సెంటెడ్' అంటే వాసన తెలియనిది మాత్రమే, ఉన్న వాసనను కప్పిపుచ్చే సుగంధం అందులో కలిపి ఉండవచ్చు. అలర్జీ ఉన్నవారు వెతకాల్సింది 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ'.

నన్ను నిజంగా భయపెట్టేవి వెనక పట్టికే లేని డబ్బాలు. వారంలో తెల్లబడతారంటూ చేతులు మారే క్రీములు కొన్నింటిలో పాదరసం ఉంటోంది. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో డాక్టర్లు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా ఒక రకం మూత్రపిండ వ్యాధితో వచ్చిన 22 మందిని పరిశీలించారు. వారిలో 15 మందికి ఒకే అరుదైన లక్షణం కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడినట్టు చెప్పారు. పాదరసం చర్మం నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రపిండాల్లోకి చేరుతుంది. మరికొన్ని క్రీముల్లో స్టెరాయిడ్ కలుపుతారు. దాంతో మొదట ముఖం నున్నగా మెరుస్తుంది. వాడుతూ పోతే చర్మం పలచబడి, రక్తనాళాలు పైకి తేలతాయి, మానేస్తే భగ్గుమంటుంది. చర్మానికి రాసే 14 రకాల స్టెరాయిడ్‌లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో ఆదేశించింది. చీటీ మీదే అమ్మాల్సిన ట్యూబ్ మీద నిలువుగా ఒక ఎర్ర గీత ఉంటుంది. పక్కింటివాళ్లు వాడి బాగుందన్న ట్యూబ్ అయినా సరే, ఆ గీత కనబడితే డాక్టరును అడగకుండా రాసుకోకండి. కొట్టక్కల్ రోగుల్లో ఎక్కువమందికి క్రీము మానేశాక జబ్బు తగ్గింది.