పుట్టిన ఊరు, పుట్టిన కాగితం

"అక్కా, మా పాప ఈ దేశపు మనిషి కాదా?"

మన చదువు కేంద్రంలో ఒక చెల్లెలు ఈ మాట అడిగింది. అడిగి ఏడ్చింది. పాపకు పదేళ్లు. గురుకులంలో చేర్చాలని పోతే జనన ధ్రువపత్రం ఏదన్నారు. లేదంది. "అది లేకపోతే ఈ పిల్ల ఎక్కడ పుట్టిందో, ఎవరి పిల్లో ఎవరికి తెలుసు?" అన్నాడట అక్కడున్న మనిషి.

ఆ మాట తప్పు. కాగితం లేనంత మాత్రాన పౌరసత్వం పోదు. పౌరసత్వం అంటే ఈ దేశానికి చెందినవాళ్లం అని చట్టం ఒప్పుకోవడం. మనలో నూటికి తొంభైమందికి పైగా అది పుట్టుకతోనే వచ్చింది. అయితే రుజువు చూపమన్నప్పుడు కాగితం కావాలి. చిక్కంతా అక్కడే.

1955లో పౌరసత్వ చట్టం చేశారు. పుట్టిన తేదీని బట్టి దానిలో లెక్క మారుతుంది. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 లోపల ఇండియాలో పుట్టారా? అయితే మీరు పౌరులే. తల్లిదండ్రులు ఎవరని అడగరు. 1987 జూలై 1 తర్వాత పుడితే, తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి పుట్టిన పిల్లలకు తల్లీ తండ్రీ ఇద్దరూ పౌరులై ఉండాలి. ఒక్కరే పౌరులైతే, రెండోవారు సరైన కాగితాలు లేకుండా దేశంలో ఉంటున్నవారు కాకూడదు. మన చెల్లెలూ, ఆమె భర్తా ఇక్కడి పౌరులే. పాపకు ఏ అడ్డూ లేదు.

"ఆధార్ ఉంది కదక్కా?" అన్నారు ఇంకొకరు. ఆధార్ ఈ మనిషి ఫలానా అని చెబుతుంది. అది పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టంలోనే రాసి ఉంది.

మరి పాప కాగితం ఎందుకు దొరకలేదు? చెల్లెలు అత్తగారి ఊరి పంచాయతీకి మూడుసార్లు తిరిగింది. "మా పుస్తకంలో లేదు" అన్నారు. ఎలా ఉంటుంది? తొలికాన్పుకు ఆమె పుట్టింటికి పోయింది. పురుడు అక్కడే, ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీద జరిగింది. బిడ్డ ఏ ఊళ్లో పుడితే ఆ ఊళ్లోనే నమోదు చేయాలి. ఈ ఒక్క మాట తెలియక ఎంతమంది ఆడవాళ్లు కూలి పోగొట్టుకుని తిరుగుతున్నారో!

ఆస్పత్రిలో పుడితే ఆస్పత్రివాళ్లే నమోదుకు పంపుతారు. ఇంట్లో పుడితే ఇంటి పెద్ద పంచాయతీలో చెప్పాలి. పట్నమైతే మునిసిపాలిటీలో చెప్పాలి. గడువు 21 రోజులు. మనం బారసాల చేసేది కూడా ఇరవై ఒకటో రోజునే కదా, అలా గుర్తు పెట్టుకోండి. ఈ లోపల చెబితే రుసుము లేదు. పేరు ఇంకా పెట్టలేదని ఆగకండి. పేరు తర్వాత రాయించుకోవచ్చు. 30 రోజులు దాటితే రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే ఆర్డీవో ఆఫీసు నుంచి ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకయితే బడికీ, పాస్‌పోర్టుకీ, ఆధార్‌కీ పుట్టిన తేదీకి ఈ కాగితమే రుజువు.

గల్ఫ్‌కు పోయిన ఆడవాళ్లు మనలో ఉన్నారు. అక్కడ బిడ్డ పుడితే ఏడాదిలోపు మన దేశపు రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలి. ఏడాది దాటితే ఢిల్లీ ప్రభుత్వం అనుమతి కావాలి. ఇక వేరే దేశం నుంచి మన ఇంటికి కోడలిగా వచ్చిన పిల్ల ఏడేళ్లు ఇక్కడ ఉన్నాక పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెళ్లయినంత మాత్రాన అది రాదు.

ఆర్డీవో ఆఫీసు అనగానే చెల్లెలికి గుండె జారింది. "ప్లీడరుకు డబ్బులెక్కడివి అక్కా?" అంది. డబ్బు అక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ప్లీడరును ఉచితంగా ఇవ్వాలి. ఆదాయం ఎంతని చూడరు. కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవల కమిటీ ఉంటుంది. జిల్లా కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 15100కు ఫోను చేసినా చెబుతారు. తెల్లకాగితం మీద మన కష్టం రాసిస్తే చాలు. రాయలేనివాళ్లు నోటితో చెబితే వాళ్లే రాసుకుంటారు.

చెల్లెలు తనే రాసింది. తప్పులతోనే రాసింది. మూడు కాగితాలు పాడుచేసి నాలుగోది ఇచ్చింది. ప్లీడరమ్మ చదివి, పుట్టింటి పంచాయతీ నుంచి "ఈ జననం నమోదు కాలేదు" అని రాయించుకు రమ్మంది. టీకాల కార్డు, అంగన్‌వాడీ రిజిస్టరు నకలు పనికొచ్చాయి. ప్రమాణపత్రం ప్లీడరమ్మే రాసింది. ఉత్తర్వు రావడానికి రెండు నెలల పైన పట్టింది. మధ్యలో ఒకతను చేయి చాచాడు. "15100కు చెప్పమంటారా?" అని అడిగితే చేయి వెనక్కి తీసుకున్నాడు.

కాగితం చేతికిచ్చినప్పుడు చెల్లెలు వెంటనే సంచిలో పెట్టుకోలేదు. అక్కడే నిలబడి వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది. ఊరి పేరు సరిగ్గా ఉంది. తేదీ సరిగ్గా ఉంది. తల్లి పేరు దగ్గర ఆగింది.

"సారూ, నా పేరులో ఒత్తు పోయింది. దిద్దివ్వండి" అంది.