చలి ఇచ్చిన అయిదున్నర నిమిషాలు

మనిషి ఒంటి వేడి మామూలుగా 37 డిగ్రీల సెంటీగ్రేడు. ఆ వేడిలో మెదడుకు రక్తం అందకపోతే నాలుగు నిమిషాలకే ముప్పు. గుండె తెరిచి లోపం సరిదిద్దాలంటే రక్తప్రవాహం ఆపాలి. అందుకు నాలుగు నిమిషాలు చాలవు. ఏళ్ళ తరబడి సర్జన్లను గుండె గుమ్మంలోనే నిలిపివేసింది ఈ లెక్కే.

దీనికి విరుగుడు చలిలో ఉందన్నారు కెనడాలోని టొరంటో సర్జన్ డాక్టర్ బిగెలో. ఒళ్ళు చల్లబడితే ప్రాణవాయువు అవసరం తగ్గుతుందని కుక్కలపై ప్రయోగాలు చేసి 1950లో వెల్లడించారు.

1952 సెప్టెంబరు 2న అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డాక్టర్ జాన్ లూయిస్ దీనిని ఆచరణలో పెట్టారు. రోగి అయిదేళ్ళ పాప. గుండె పై గదుల నడిమి గోడకు పుట్టుకతోనే రంధ్రం. మత్తు ఇచ్చి, చల్లని రబ్బరు దుప్పట్లు చుట్టి, రెండు గంటలకు పైగా శ్రమించి ఒంటి వేడిని 28 డిగ్రీలకు దించారు. గుండెకు వచ్చే రక్తాన్ని ఆపి, అయిదున్నర నిమిషాలలో రంధ్రం మూసేశారు. తరువాత 45 డిగ్రీల వేడినీటిలో ఉంచగా 35 నిమిషాలకు పాప ఒళ్ళు వెచ్చబడింది. పాప కోలుకుంది. తెరిచిన గుండెలోకి కంటితో చూస్తూ చేసిన తొలి విజయవంతమైన ఆపరేషన్ అది.

అయితే చలితో చెలగాటం కూడదు. వేడి మరీ తగ్గితే గుండె లయ తప్పుతుంది. రక్తం సరిగా గడ్డకట్టదు. అందుకే మామూలు ఆపరేషన్లలో ఇప్పుడు రోగిని వెచ్చగానే ఉంచుతారు. బృహద్ధమని వంపు బాగుచేసేటప్పుడు మాత్రం, యంత్రం సాయంతో 20 డిగ్రీల దాకా చల్లబరచి, కొద్ది నిమిషాలు రక్తప్రసరణ ఆపడం నేటికీ ఉంది. పని ముగిశాక తొందరపడకుండా, మెల్లగా వెచ్చబరుస్తారు.