వెయిట్ లాస్: చెవిలో సూదులు పెడితే బరువు తగ్గుతారా? ఆక్యుపంక్చర్‌కు వెళ్లే ముందు ఇవి తెలుసుకోండి

కర్నూలు, కడప: డైటింగ్ వద్దు, వాకింగ్ వద్దు.. చెవిలో నాలుగు సూదులు పెట్టించుకుంటే చాలు, నెలలో పది కిలోలు మాయం! ఫోన్‌లో ఇలాంటి వీడియోలు మీకూ కనిపించే ఉంటాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం ఏపీలో 15-49 ఏళ్ల మహిళల్లో ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా అధిక బరువుతో ఉన్నారు. అందుకే ఈ వీడియోలకు అంత గిరాకీ. మరి ఇందులో నిజమెంత?

సూదులు ఏం చేస్తాయి?

ఆక్యుపంక్చర్ చైనా సంప్రదాయ వైద్యం. వెంట్రుకలాంటి సన్నని సూదులను శరీరంలో కొన్ని బిందువుల దగ్గర గుచ్చుతారు. బరువు కోసమైతే ఎక్కువగా చెవి, పొట్ట, మోకాలి కింది భాగం ఎంచుకుంటారు. కడుపు నుంచి మెదడుకు సంకేతాలు మోసే వేగస్ నరం శాఖ ఒకటి చెవిలోనూ ఉంది. దాన్ని ప్రేరేపిస్తే ఆకలి తగ్గుతుందన్నది ఒక వాదన. అంతేకానీ సూది కొవ్వును కరిగించదు.

పరిశోధనలు ఏమంటున్నాయి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 నాటి సమీక్షలో ఊబకాయాన్ని 'కొంత ఫలితం కనిపించింది, ఇంకా రుజువులు కావాలి' అనే జాబితాలో పెట్టింది. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాల్లోనూ చాలావరకు చిన్నవే. తగ్గిన బరువు కూడా కొద్దిగానే. ఆహార నియమాలు తోడైతేనే ఫలితం కాస్త మెరుగు. అంటే ఇది తోడు మాత్రమే, అసలు వైద్యం కాదు.

కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో ఆక్యుపంక్చర్‌ను ప్రత్యేక చికిత్సా విధానంగా గుర్తించింది. గుర్తింపు ఉందంటే బరువు తగ్గడం గ్యారంటీ అని కాదు.

అసలు లెక్క కంచంలోనే!

కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు ఖర్చు కావాలి. పొద్దున ఉగ్గాణి-బజ్జీ, సాయంత్రం కారం దోశ మానకుండా సూదుల మీద భారం వేస్తే లాభం లేదు. సంగటి తింటే సన్నబడతామనేదీ సగం నిజమే. 100 గ్రాముల రాగుల్లో సుమారు 320 కేలరీలు, బియ్యంలో 356. పెద్ద తేడా లేదు. కానీ పీచు రాగుల్లో 11 గ్రాములు ఉంటే, తెల్ల బియ్యంలో 3 గ్రాముల లోపే. అందుకే కడుపు త్వరగా నిండుతుంది. అలాగని రెండు ముద్దలు తినాల్సిన చోట నాలుగు లాగిస్తే అంతే సంగతులు. ఎండలు మండే మన సీమలో నడక తెల్లారకముందే పెట్టుకోవడం మేలు.

మీకు అవసరమా?

మన దేశంలో బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. 5 అడుగుల 3 అంగుళాల ఎత్తున్నవారికి 64 కిలోలు దాటితే ఊబకాయమే. నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గినా షుగర్, బీపీ అదుపులోకి రావడానికి సాయపడుతుంది.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

* సూదుల ప్యాకెట్‌ను మీ కళ్లెదుటే చింపమనండి. ఒకరికి వాడినవి ఇంకొకరికి వాడితే హెపటైటిస్-బి, హెచ్ఐవీ ముప్పు ఉంటుంది.
* గర్భిణులు, రక్తం పలుచబడే మందులు వాడేవారు, పేస్‌మేకర్ ఉన్నవారు ముందే చెప్పాలి. పేస్‌మేకర్ ఉంటే కరెంటు పెట్టే సూదులు వద్దు.
* షుగర్, బీపీ, థైరాయిడ్ మాత్రలు సొంతంగా ఆపేయొద్దు. 'సూదులు ఉంటే మాత్రలు అక్కర్లేదు' అన్నారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.
* షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఒక్కసారిగా తిండి తగ్గిస్తే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. డాక్టర్‌ను అడిగాకే తగ్గించండి.
* తక్కువ తిన్నా బరువు పెరుగుతుంటే ముందు థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. కర్నూలు సర్వజన వైద్యశాల, కడప రిమ్స్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో డాక్టర్‌ను కలవొచ్చు.

గమనిక: ఇది అవగాహన కోసమే. చికిత్సపై నిర్ణయం డాక్టర్‌ను సంప్రదించాకే తీసుకోండి.