ఎండిన చీనీ చెట్టు, నేలలో మిగిలిన వేరు

పులివెందుల వైపు చీనీ చెట్టు ఎండితే మొదలు దాకా నరికి, కట్టెలు ఇంటికి తెచ్చుకుంటాం. వేరు మాత్రం మట్టిలోనే ఉంటుంది. ఎండు తెగులు ఉండేదీ అక్కడే. ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వేరును కుళ్లబెడుతుంది. బెరడు ఊడి దుర్వాసన వస్తుంది. పారే నీటితో, పారకంటిన మట్టితో పక్క చెట్టుకు పాకుతుంది.

లూకా 13లో తోటమాలి ఇంకో ఏడాది గడువడిగింది కాయని చెట్టుకు, చచ్చినదానికి కాదు. అలా పూర్తిగా ఎండిన చెట్టును పెకలించి, సన్న వేర్లు సైతం ఏరి, అక్కడే కాల్చండి. గుంటను వేసవి ఎండకు వదలండి. ఆపై చివికిన పశువుల ఎరువు, వేపపిండి, ట్రైకోడెర్మా కలిపి నింపి, ఈ తెగులును కొంత తట్టుకునే రంగపూర్ నిమ్మపై కట్టిన అంటు నాటండి. పార, గునపం కడగడమే చాలామంది మరిచిపోయేది.