దారిలో ఆగే దేశం కూడా వీసా అడగొచ్చు

మడకశిర వాళ్లు అమెరికా బయల్దేరితే విమానం ఎక్కేది ఎక్కువగా బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లిలోనే. హిందూపురం, గౌరీబిదనూరు, దొడ్డబళ్లాపురం మీదుగా కారు మాట్లాడుకుంటే హైదరాబాదు కన్నా బెంగళూరు ఎంతో దగ్గర. వేరుశనగ చేలను, కరవును నమ్ముకోలేక పిల్లల్ని చదివించిన పెద్దవాళ్లు ఇప్పుడు కూతురి కాన్పుకో, మనవణ్ని చూసుకోవడానికో ఆ దారి పడుతున్నారు. చేతిలో అమెరికా వీసా ఉంటుంది. మధ్యలో లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో నాలుగు గంటలు ఆగాలి. ఎయిర్‌పోర్టు దాటి బయటికి పోం కదా, దానికీ వీసా ఎందుకు?

ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. దుబాయ్, దోహా, అబుదాబిల్లో లోపలే ఉండి విమానం మారితే వీసా అక్కర్లేదు. బ్రిటన్ అలా కాదు. విమానాశ్రయం దాటకపోయినా భారతీయులకు ట్రాన్సిట్ వీసా కావాలంటుంది. చెల్లుబాటయ్యే అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వీసా ఉన్నవాళ్లకు మాత్రం మినహాయింపు ఇస్తుంది. కాబట్టి అమెరికా విజిటర్ వీసాతో వెళ్లే అమ్మానాన్నలకు లండన్‌లో ఇబ్బంది లేదు. జర్మనీ కూడా మనవాళ్లను ఏళ్ల తరబడి ఈ వీసా అడిగింది. 2026 జనవరిలో ఛాన్సలర్ ఫ్రెడ్రిక్ మెర్జ్ భారత్ వచ్చినప్పుడు దాన్ని ఎత్తేస్తామని ప్రకటించారు.

అమెరికా తీరు అన్నిటికన్నా కఠినం. వీసా లేకుండా తమ విమానాశ్రయాల మీదుగా పోనిచ్చే సదుపాయాన్ని 2003 ఆగస్టులో ఆపేసింది. మెక్సికో వెళ్తూ హ్యూస్టన్‌లో రెండు గంటలే ఆగినా సీ-1 అనే ట్రాన్సిట్ వీసానో విజిటర్ వీసానో ఉండాల్సిందే.

అసలు చిక్కుల్లో పడేది తల్లిదండ్రుల కన్నా అక్కడ ఉద్యోగం చేసే పిల్లలే. హెచ్-1బీ మీద ఉన్న కుర్రాడి పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయి ఉంటుంది. కంపెనీ పొడిగింపు తెచ్చింది కాబట్టి ఐ-797 కాగితం ఉంటుంది, అమెరికాలో ఉండటానికి అది చాలు. ఇంతలో నాన్నకు బాగాలేదని ఫోన్. ఆ కంగారులో తక్కువ ధరకు దొరికిన లండన్ టికెట్ కొనేస్తాడు. కానీ ఐ-797ను వీసాగా బ్రిటన్ ఒప్పుకోదు. చెల్లుబాటయ్యే వీసాతో చివరిసారి అమెరికాలో అడుగుపెట్టి ఆరు నెలలు దాటకపోతే సడలింపు ఉంది. దాటితే ట్రాన్సిట్ వీసా తెచ్చుకోవాలి, లేదా దోహా, దుబాయ్ దారి పట్టాలి. ఇలాంటి సమయంలో వంద డాలర్లు ఎక్కువైనా గల్ఫ్ మీదుగా రావడమే మేలు.

రెండో చిక్కు విడివిడి టికెట్లతో వస్తుంది. బెంగళూరు నుంచి ఒక ఊరికి ఒక సంస్థ టికెట్, అక్కడి నుంచి ఇంకో సంస్థది కొంటే ఒక్కోసారి వేలల్లో మిగులుతుంది. కానీ రెండూ ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) కింద లేకపోతే సామాను చాలాసార్లు మధ్య ఊళ్లోనే బెల్టు మీదికి వచ్చేస్తుంది. దాన్ని తీసుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటాలి, అంటే ఆ దేశంలో అడుగుపెట్టినట్టే. యూరప్‌లో రెండు ఊళ్లలో ఆగినా అంతే. మ్యూనిక్ నుంచి ప్యారిస్‌కు ఎగరడం షెంజెన్ దేశాల లోపలి ప్రయాణం కిందికి వస్తుంది కాబట్టి మామూలు షెంజెన్ వీసా ఉండాలి.

ఈ లెక్కలన్నీ తేలేది లండన్‌లో కాదు, దేవనహళ్లి చెకిన్ కౌంటర్‌లో. సిబ్బంది మన పాస్‌పోర్టు ఏ దేశానిది, ఎక్కడ ఆగుతాం, ఎక్కడికి పోతాం, ఏ వీసాలున్నాయన్నది టిమాటిక్ అనే వ్యవస్థలో సరిచూస్తారు. అన్ని దేశాల నిబంధనలూ అందులో ఉంటాయి. సరైన పత్రాలు లేని మనిషిని తీసుకొస్తే బ్రిటన్ విమాన సంస్థకు తలకు 2,000 పౌండ్ల దాకా జరిమానా వేస్తుంది. అందుకే అక్కడ ఎంత బతిమాలినా బోర్డింగ్ పాస్ రాదు. కొంత అదనంగా కడతామన్నా ఫలితం ఉండదు.

టికెట్ తీసే ఏజెంటును డబ్బు కట్టకముందే రెండు ప్రశ్నలు అడగాలి. పీఎన్ఆర్ ఒకటేనా? సామాను ట్యాగు చివరి ఊరి దాకా వేస్తారా? ఆగే దేశపు రాయబార కార్యాలయం నిబంధనను టికెట్ తీసే వారంలోనే చూసుకోవాలి, ఎందుకంటే జర్మనీ విషయంలో జరిగినట్టు ఇవి మారుతుంటాయి. అమెరికాలో విమానం మారాల్సి వస్తే ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ట్యాగు డల్లాస్ దాకా ఉన్నా, సాధారణంగా మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ అయ్యాక పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలి. దానికి సరిపడా సమయం రెండు విమానాల మధ్య ఉండేలా టికెట్ తీసుకోవాలి.